గల్లాపెట్టె ఎవరి చేతిలో?

యాదగిరిగుట్ట కింద ఒక కొబ్బరికాయల దుకాణం ఉందనుకుందాం. బోర్డు మీద కొడుకు పేరు. పొద్దున్నే షట్టరు లేపేది తండ్రి, గల్లాపెట్టె దగ్గర కూర్చునేదీ తండ్రే. దుకాణం ఎవరిదని అడిగితే గుట్టలో అందరూ పెద్దాయనదే అంటారు. పన్ను అధికారీ అదే అంటాడు. కానీ అప్పు తెచ్చింది కొడుకు, సరుకు దించింది కొడుకు, నష్టం వస్తే మునిగేదీ కొడుకే అయితే?

ఇదే పేచీ హైదరాబాద్‌లో వేల కోట్ల వ్యవహారం మీద నడిచింది. వరప్రసాద్ రెడ్డి 1993లో తల్లి పేరున పెట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్-బి టీకాను సొంతంగా తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. 2006లో ఫ్రాన్స్‌కు చెందిన మెరియూ అలయెన్స్, శాన్‌హెచ్ అనే అనుబంధ సంస్థను పెట్టి, దాని పేరున శాంతాలో వాటాలు కొన్నది. 2009లో ఆ శాన్‌హెచ్‌నే సనోఫీ పాశ్చర్‌కు అమ్మేశారు. అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఫ్రాన్స్‌వాళ్లే. చేతులు మారినవీ ఫ్రెంచి షేర్లే.

మన ఆదాయపు పన్ను శాఖ ఊరుకోలేదు. శాన్‌హెచ్ వట్టి బోర్డు, దానికంటూ వేరే వ్యాపారం లేదు, నిజానికి అమ్ముడుపోయింది శాంతాయేనని పట్టుబట్టింది. 2011లో అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీ శాఖ పక్షమే వహించింది. 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ రూలింగును కొట్టేసింది. శాన్‌హెచ్ అమ్మకం కోసం రాత్రికి రాత్రి పుట్టుకొచ్చిందేమీ కాదు, భారత్‌లో పెట్టుబడి కోసం పెట్టింది, వాటాలు పట్టుకుని ఉండటం కూడా వ్యాపారమేనని తేల్చింది. అందువల్ల భారత్-ఫ్రాన్స్ పన్ను ఒప్పందం ప్రకారం పన్ను ఫ్రాన్స్‌దే.

తీర్పు సరైందనే నా అభిప్రాయం. కుర్చీలూ గుమాస్తాలూ లెక్కబెట్టి హోల్డింగ్ కంపెనీ నిజానిజాలు తేల్చలేం. ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది, సొమ్ము ఎవరిది మునుగుతుంది అన్నవే అడగాలి. శాఖ ఈ ప్రశ్నలు వదిలేసి ముసుగు లాగేద్దామని చూసింది. మధ్యలో 2012 బడ్జెట్ చట్టం ఇలాంటి విదేశీ షేర్ల అమ్మకాల్నీ పన్ను కిందికి లాగుతూ 1962 నుంచీ వర్తించేలా సవరణ తెచ్చినా, ఒప్పందాన్ని అది దాటలేదని కోర్టు చెప్పింది. ఆ వెనక్కి తవ్వే పన్నును పార్లమెంటు 2021లో తానే ఉపసంహరించుకుంది. ఆ పని తొమ్మిదేళ్ల ముందే చేసి ఉంటే పరువైనా మిగిలేది.

అయినా ఒకటి మనసుకు ఎక్కదు. ఆ విలువంతా కూడబెట్టింది ఇక్కడి ల్యాబుల్లో, ఇక్కడి జీతగాళ్లు. ఆ లాభం మీద పన్ను వేసుకునే హక్కు మాత్రం పారిస్‌కు పోయింది. దీనికి శాన్‌హెచ్‌ను తిట్టి లాభం లేదు, న్యాయమూర్తుల్ని అసలే తిట్టకూడదు. ఏ దేశపు కంపెనీ షేర్లు అమ్మితే పన్ను ఆ దేశానిదేనని సంతకం పెట్టింది మన ఢిల్లీయే, 1992లో. అప్పటికి శాంతా ఇంకా పుట్టలేదు.