ఇన్వెస్టరు గారూ, చెక్కుతో పాటు ఒక ఫోన్ కాల్ కూడా

తుక్కుగూడలో ఔటర్ దిగి ఇంటికొస్తుంటే ఫ్యాబ్ సిటీ తగుల్తుంది. 2006లో చిప్పుల ఫ్యాక్టరీ వస్తుందని పెట్టిన పేరది. ఆ ఫ్యాక్టరీ రాలేదు. సోలార్ ప్యానెళ్ళు, టీవీలు చేసేవాళ్ళొచ్చారు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు మా పాత కంపెనీ వైస్ ప్రెసిడెంటు గుర్తొస్తాడు :)

అప్పుడు మేం 18 మందిమి. డబ్బు పెట్టిన ఇన్వెస్టరు తనకి తెలిసిన ఒకాయన్ని పెద్ద ఎమ్మెన్సీ నుంచి సేల్స్ హెడ్‌గా తెచ్చాడు. రెజ్యూమె చూస్తే కళ్ళు తిరుగుతాయి. మనిషి చెడ్డవాడేం కాదు పాపం. అక్కడ కంపెనీ పేరు చెప్తే తలుపులు తెరిచేవారు, ఇక్కడ తలుపు తనే కొట్టాలి. మూడో నెలకే టీం కావాలన్నాడు, ఇచ్చారు. 9 నెలల్లో ఒక్క కస్టమరూ రాలేదు. ఆయన వెళ్ళిపోయాడు. ఆయన తెచ్చుకున్న ఆరుగురితో పాటు మా టెస్టింగ్ వాళ్ళిద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఆ ఇద్దరికీ నేనే చెప్పాల్సొచ్చింది.

ఫౌండర్ని తిట్టి లాభం లేదు. కోడ్ రాసేవాణ్ణయితే అరగంటలో తేల్చేస్తాడు. సేల్స్ హెడ్‌ని ఇంటర్వ్యూ చెయ్యడం జన్మలో అదే మొదలు, ఏమడగాలో ఎలా తెలుస్తుంది? ఇన్వెస్టరు అలా కాదుగా, ఇలాంటివాళ్ళు రావడం పోవడం పది కంపెనీల్లో చూసుంటాడు. 2006లో రెడ్‌బస్ మొదలెట్టిన ఫణీంద్ర సామా, ఆయన మిత్రులిద్దరూ ఇంజనీర్లే, బస్సుల వ్యాపారం తెలీదు. 2007లో సీడ్‌ఫండ్ డబ్బు రాకముందే, బెంగళూరు టై సంస్థ వాళ్ళకి అనుభవమున్న మెంటర్లని ఇచ్చింది. ఉద్యోగుల ఎంపికలోనూ అలాంటి తోడే కావాలంటాను.

ఇన్వెస్టరు తన వేరే కంపెనీలో ఆ పని చేసి చూపించిన మనిషిని ఒక గంట ఇంటర్వ్యూలో కూర్చోబెట్టొచ్చు. "మొదటి 3 నెలలూ ఈయన తన చేత్తో చెయ్యాల్సిన పనేంటి?" అని ముందే ఫౌండరు చేత రాయించొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అభ్యర్థి ఇచ్చిన నంబర్లకే కాకుండా ఆయన కింద చేసి మానేసినవాళ్ళకి ఫోన్ చెయ్యాలి (ఇప్పటి కంపెనీలో పొక్కకుండా సుమా). కొత్త ఫౌండరు చేస్తే ఎవరు మాట్లాడతారు? ఇన్వెస్టరుకైతే చెప్తారు.

ఇకపోతే, అభ్యర్థి ఇన్వెస్టరు తాలూకు మనిషే అయితే? డబ్బిచ్చినాయన తెచ్చినవాణ్ణి వద్దనడానికి మావాడికి నోరు రాలేదు. అలాంటప్పుడు ఇన్వెస్టరు పేరిచ్చి పక్కకి తప్పుకోవాలి, ఫోన్లు వేరేవాళ్ళు చెయ్యాలి.

రెండేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో, ఆయన పాత టీంలో చేసినతను కలిశాడు. "సార్ సొంతంగా కస్టమర్ని తేవడం మేమెప్పుడూ చూళ్ళేదండీ, మమ్మల్నెవరూ అడగలేదు" అన్నాడు.