చదవలేనన్న యంత్రం

పిల్లవాడు పాఠం చదవనంటే మనం నానా ఉపాయాలూ చేస్తాం. బుజ్జగిస్తాం, కోప్పడతాం, దీపం సరిగ్గా ఉన్నదో లేదో చూస్తాం, పుస్తకంలో ఆ పుట చిరిగిందేమో తిరగేస్తాం, చివరకు కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోతాం. అదే కంప్యూటరు "ఈ ఫైలు చదవలేను" అన్నదంటే మాత్రం ఇల్లంతా కంగారే. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కిద్దామని కూర్చుంటాం. ఆకుపచ్చ గీత సగందాకా పాకి ఆగిపోతుంది. ఇంగ్లీషులో రెండు వాక్యాలూ, వాటి పక్కన ఒక అంకె కనబడతాయి. ఆ రెండు వాక్యాలూ మనం చదవం. యంత్రం చెడిపోయిందని తీర్పు చెప్పేస్తాం. యంత్రం చదవలేకపోయింది ఒక్క ఫైలును. మనం చదవకుండా వదిలేసింది యంత్రం మనకు రాసిన చీటీని. ఇద్దరిలో చదువురానివారెవరో చదువరులే తేల్చాలి!

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కంప్యూటరు గొడవ ఎందుకంటారేమో. యంత్రశాస్త్రం నాది కాదు గాని, చదవడంలో వచ్చే చిక్కులు మా వృత్తికి వంశపారంపర్యం. పాత తాళపత్రం చదవబోయి ఆగిపోయిన పండితుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. ఈ ప్రతి సరైనదేనా? దీన్ని దాచిన చోటు మంచిదేనా? ఇందులోని లిపి చదివేవాడికి తెలిసినదేనా? సాఫ్ట్‌వేరు ఎక్కనని మొరాయించినప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నలే, ఈ వరసలోనే వేసుకోవాలి.

మొదటిది ప్రతి సంగతి. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ దొర ఏ ఒక్క ప్రతినీ గుడ్డిగా నమ్మలేదు. వేమన పద్యాలకోసం పలు ప్రతులు సంపాదించి, పండితులను కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి సరిచూపించి 1829లో అచ్చువేయించాడు. లేఖకుడు నిద్రమత్తులో ఒక అక్షరం జారవిడిచినా రెండో ప్రతి దాన్ని పట్టిస్తుంది. ఇంటర్నెట్టునుంచి దించుకున్న ఫైలు కూడా ఒక ప్రతే. మా కంబదూరులాంటి మెట్టప్రాంతపు ఊళ్ళలో సెల్‌ఫోను సిగ్నలు వానలాంటిది. ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. ఫైలు దిగుతూండగా మధ్యలో తెగిందంటే, పైకి దిగినట్టే ఉంటుంది గాని లోపల తోక ఉండదు. ఎక్కించబోతే యంత్రం సరిగ్గా అక్కడికి వచ్చి తడబడుతుంది.

దీన్ని తేల్చే ఉపాయం ఒకటి ఉన్నది. తయారీదార్లలో చాలామంది ఫైలు పక్కనే 64 అక్షరాల పొడుగు ముద్ర ఒకటి ప్రకటిస్తారు. దాన్ని 'షా-256' అంటారు. విండోస్‌లో ఉండే 'సర్ట్‌యుటిల్' అనే పనిముట్టుతో మన దగ్గరున్న ఫైలుకూ అటువంటి ముద్రే తీయవచ్చు. ఫైలులో ఒక్క చుక్క తేడా ఉన్నా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. రెండు ముద్రలూ సరిపోతే ప్రతి మంచిదే. సరిపోకపోతే యంత్రాన్ని తిట్టడం మాని మళ్ళీ దించుకోవడమే. ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చియిచ్చిన దొంగప్రతికి ఈ పరీక్ష నిలవదు. అందులో ఏం కలిపారో కలిపినవాడికే ఎరుక.

రెండోది చోటు సంగతి. మా వైపు వేసవిగాలి లేచిందంటే ఎర్రదుమ్ము అన్నం పళ్ళెంలోనూ ఉంటుంది, పెన్‌డ్రైవు మూతిలోనూ ఉంటుంది. దాన్ని తీసి, తుడిచి, వేరే రంధ్రంలో పెట్టి చూడటం మొదటి వైద్యం. ఫైలును ముందు కంప్యూటరులోకి నకలు చేసుకుని అక్కడినుంచి ఎక్కించడం రెండో వైద్యం. 4 జీబీ నిండిన ఫైలు 'ఫ్యాట్-32' పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవులో అసలు పట్టదు. అది వస్తువులోని లోపం కాదు, ఆ పద్ధతికి ఉన్న హద్దు.

చీటీలోని అంకె అక్కరకు వచ్చేది ఇక్కడే. 'ఎర్రర్ 2' అంటే, చెప్పిన చిరునామాలో ఆ ఫైలు లేదని. 'ఎర్రర్ 5' అంటే, ఫైలు ఉన్నది గాని తలుపు తీయడానికి నీకు అధికారం లేదని. అప్పుడు 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అనే మాటమీద నొక్కి ఎక్కించి చూడాలి. 'ఎర్రర్ 23' అంటే ఫైలు చదివితే లెక్క సరిపోవడంలేదని. ఈ లెక్క సరిచూసే పద్ధతిని 1961లో వెస్లీ పీటర్సన్ అనే అమెరికా గణితవేత్త లోకానికి చెప్పాడు. సమాచారంలో ఒక్కొక్క ముక్కకూ ఒక లెక్క కట్టి పక్కన రాసి ఉంచుతారు. చదివేటప్పుడు మళ్ళీ కట్టి రెండూ పోల్చుతారు. మన వేదపండితులు ఒకే మంత్రాన్ని క్రమం, జట, ఘనం అంటూ ముందుకూ వెనక్కూ తిప్పి వల్లిస్తారు కదా! అక్కడా ఒకచోట తప్పితే మరోచోట దొరికిపోవలసిందే. ఈ 23 మాటిమాటికీ వస్తూంటే మాత్రం డిస్కును అనుమానించాలి. ముందు ఫోటోలూ ముఖ్యమైన కాగితాలూ వేరేచోట దాచుకుని, ఆ తరవాతనే 'చెక్‌డిస్క్' చేయించాలి. ఈ వరస తిరగబడితే మిగిలేది ఏడుపే.

ఈ రెండూ ఏ దేశంవాడికైనా వచ్చే చిక్కులు. మూడోది, అంటే లిపి సంగతి, ప్రత్యేకించి మనలాంటి భాషలవారి నెత్తిన పడేది. అంచేత కాస్త వివరంగా చెబుతాను.

మా వీధిలో ఒక రైతు ఉన్నాడు. మా నేలల్లో శెనక్కాయ పంట చేతికందడమే గగనం. అందిన ఏడాది ఆ డబ్బుతో డిగ్రీ చదివే కూతురికి లాప్‌టాప్ కొన్నాడు. మొదటిసారి తెరిచిననాడే దానికి కూతురి పేరు ముచ్చటగా తెలుగులో పెట్టించాడు. ఆ పిల్లకు లెక్కలు రాసే ఉద్యోగానికి ఒక శిక్షణలో చోటు దొరికింది. సోమవారానికల్లా ఫలానా సాఫ్ట్‌వేరు ఎక్కించుకుని రావాలన్నారు. ఎక్కించబోతే 'ఎర్రర్ 1305', ఫైలు చదవడంలో పొరపాటు! పట్నంలో ఒక బాగుచేసే అంగడికి తీసుకుపోతే, "డిస్కు పోయింది, కొత్తది వెయ్యాల, 4 వేలు" అన్నారట. ఆ ఇంట్లో 4 వేలు ఉంటే విత్తనానికి కావాలి, లేదా ముసలమ్మ మందులకు కావాలి. శనివారం సాయంత్రం తండ్రీ కూతుళ్ళు మా యింటికి వచ్చారు.

ప్రతి చూశాం, ముద్ర సరిపోయింది. చోటు చూశాం, చెక్‌డిస్క్ ఏ వంకా పెట్టలేదు. అప్పుడు చీటీ మొత్తం పైకి చదవమన్నాను.

"సి, యూజర్స్, ఆ తరవాత అన్నీ ప్రశ్నార్థకాలే ఉండాయి సార్" అన్నది.

"ఎన్ని అమ్మా?"

"ఎనిమిది సార్."

పిల్ల పేరు నాలుగక్షరాలు. అసలు పేరు బయటపెట్టను గాని, లెక్కకోసం 'పద్మావతి' అనుకోండి. బడిలో ఇది నాలుగక్షరాలే: ప, ద్మా, వ, తి. కంప్యూటరు కొలువులో అట్లా కాదు. ప, ద, పొల్లు, మ, దీర్ఘం, వ, త, గుడి. అక్కడ గుణింతానికీ ఒత్తుకూ వేరువేరు పద్దులు. మొత్తం ఎనిమిది! తెలుగు పంతులుకు ఇంతకంటె తేట సాక్ష్యం ఏం కావాలి? ఆ ఎనిమిది ప్రశ్నార్థకాలూ ఆ పిల్ల పేరే.

జరిగినది ఇదీ. సాఫ్ట్‌వేరు ఎక్కేముందు తన మూటను తాత్కాలికంగా ఒక అరలో విప్పుకుంటుంది. ఆ అర యజమాని పేరుగల ఫోల్డరులో ఉంటుంది. పాతపద్ధతిలో రాసిన ఆ సాఫ్ట్‌వేరుకు తెలుగు రాదు. తెలియని గుర్తుకల్లా ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంది. విండోస్‌లోనేమో ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం ఉండకూడదని నియమం. ఇహనేం, ఉండనే ఉండని చిరునామా పట్టుకుని తన మూటను తానే వెతుక్కుని, దొరక్క "చదవలేను" అన్నది.

వైద్యం పది నిమిషాల పని. సి డ్రైవులో ఇంగ్లీషు అక్షరాలతో 'టెంప్' అనే ఖాళీ ఫోల్డరు తెరిచాం. విండోస్ అమరికల్లో 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్' అనేచోట 'టెంప్', 'టీఎంపీ' అని రెండు చిరునామాలుంటాయి. రెండింటినీ ఆ ఫోల్డరుకు మార్చి, యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టాం. గీత చివరిదాకా పోయింది. ఇది కుదరనిచోట ఇంగ్లీషు పేరుతో ఇంకొక ఖాతా తెరిచి అందులోనుంచి ఎక్కించవచ్చు. తెరమీద కనబడే పేరు మార్చితే మాత్రం చాలదు సుమండీ. పేరు మారుతుంది గాని లోపలి ఫోల్డరు పాతపేరుతోనే ఉండిపోతుంది. గుమ్మం మీది పలక మార్చినంతమాత్రాన ఇల్లు మారదు కదా!

కూతురి ముఖం విప్పారింది. తండ్రికి మాత్రం ఇంకో సందేహం మిగిలిపోయింది.

"అయితే నా బిడ్డ పేరు తెలుగులో రాపించడమే తప్పయిపాయనా సార్?"

ఆ ప్రశ్నకు సమాధానం ఆయనకొక్కడికే కాదు, మనందరికీ కావాలి. తప్పు ఆ పేరుది కాదు. పాత సాఫ్ట్‌వేర్లు 256 గళ్ళ పట్టికలతో పనిచేసేవి. విండోస్ పాతపట్టికల్లో రష్యన్ భాషకు ఒకటి, గ్రీకుకు ఒకటి, అరబిక్కుకు ఒకటి, థాయికి ఒకటి ఉన్నాయి. తెలుగుకు లేదు. హిందీకీ తమిళానికీ కన్నడానికీ కూడా లేదు. మనకు చోటు దొరికింది యూనికోడ్‌లో. 1991 అక్టోబరులో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పటినుంచి ఆ యంత్రాలు తెలుగు చూపగలుగుతున్నాయి. అంటే పంక్తిలో మనకు పీట వేసి ముప్పై ఏళ్ళు దాటింది. వడ్డించేవాడు మనదాకా రాకపోతే అది కూర్చున్నవాడి తప్పా?

గొప్పగొప్ప యంత్రాలు కూడా తెలుగు చదవలేక చతికిలబడినవే. 2018 ఫిబ్రవరిలో లోకమంతటా ఐఫోన్లను ఒక్క తెలుగక్షరం కూలదోసింది. అది 'జ్ఞా'. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని గుర్తు ఒకటి, దీర్ఘం. ఈ ఐదూ ఆ వరసలో సందేశంగా వచ్చి తెరమీద కనబడబోతే చాలు, ఆ యాప్ మూతపడిపోయేది. యాపిల్‌వారు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ దోషం సవరించారు. తెలుగువారిని జ్ఞానం మానుకొమ్మనలేదు. తమ యంత్రాన్నే దిద్దుకున్నారు. న్యాయం అంటే అదీ.

కనక ఇంట్లో సాఫ్ట్‌వేరు ఎక్కనన్ననాడు డబ్బు సంచీ తీయకముందు చీటీ తీయండి. అంకె రాసుకోండి, చిరునామా చివరిదాకా చదవండి. ప్రతి, చోటు, లిపి, ఈ వరస తప్పవద్దు. చిరునామాలో ప్రశ్నార్థకాలు కనబడితే పక్కదారిన పని గడుపుకోండి. అంతటితో ఊరుకోక, ఆ చీటీ ఫోటో తీసి తయారీదార్లకు పంపండి. పక్కదారి మన పూట గడవడానికి. ఫిర్యాదు వెనక వచ్చేవారికి దారి బాగుపడటానికి. పిల్లల పేర్లు మాత్రం నిక్షేపంగా తెలుగులోనే రాసుకోండి. చదవడం నేర్చుకోవలసింది యంత్రం!