నలభయ్యో రోజు

మహమ్మద్ సిరాజ్ కథను కోచ్‌లు, మాస్టార్లు, పత్రికలవాళ్లం ఇన్నేళ్లుగా ఒకే తీరున చెబుతున్నాం. ఆటో నడిపి కొడుకు సిరాజ్‌ను క్రికెటర్‌ను చేసిన మహమ్మద్ గౌస్ 2020 నవంబరు 20న హైదరాబాద్‌లో కన్నుమూశారు. సిరాజ్ అప్పటికి ఆస్ట్రేలియాలో, కరోనా క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి పంపుతామని క్రికెట్ బోర్డు చెప్పినా ఆగిపోయాడు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు, బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు, సిరీస్ మొత్తం మీద 13. దుఃఖాన్ని దిగమింగి దేశం కోసం ఆడాడని చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. కానీ మన విజయవాడ భవానీపురం సందుల్లో టెన్నిస్ బంతితో బౌలింగు నేర్చుకుంటున్న కుర్రాడికి, నువ్వూ ఇలాగే ఉండాలి సుమా అని ఆ కథను పాఠంగా అప్పజెప్పడం నాకు మింగుడుపడదు.

మనం చెప్పే కథలో ఇల్లు ఉండదు. ముస్లిం కుటుంబాల్లో జనాజా, అంటే అంత్యక్రియలు, ఆలస్యం చేయరు. కబురు తెలిసిన వెంటనే బయలుదేరినా ఆ కొడుక్కి ఆఖరిచూపు దక్కడం కష్టమే. చాలా ఇళ్లలో మూడోనాడు జియారత్, నలభయ్యో రోజు చెహలుం జరుపుతారు. భర్త పోయిన ఇల్లాలు పాటించే ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. దుఃఖం ఒక్కపూటలో తీరేది కాదని, పక్కన మనుషులుంటేనే కాస్త తెరిపిన పడుతుందని ఎరిగిన గడువులివి. ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మెల్‌బోర్న్‌లో మనం గెలిచిన డిసెంబరు 29, గౌస్ పోయిన నలభయ్యో రోజు. జనవరి 21న హైదరాబాద్‌లో దిగిన సిరాజ్ విమానాశ్రయం నుంచి నేరుగా ఖబరస్తాన్‌కు వెళ్లి తండ్రి సమాధి దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాతే ఇంటికి. కొడుకును చూసి తల్లి షబానా బేగం ఏడ్చేశారు. ఇద్దత్ లెక్కన అప్పటికి సగం రోజులే గడిచాయి. ఆ 13 వికెట్లతో ఇంటి దుఃఖం తీరిపోయిందని మనకెవరు చెప్పారు?

నాన్న కల నెరవేర్చమని తల్లే అన్నారు కదా అంటారు. నిజమే, అది వాళ్ల నిర్ణయం, దానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ 1999 ప్రపంచకప్ మధ్యలో సచిన్ తన తండ్రి అంత్యక్రియలకు ఇంటికి వచ్చాడు. అతను లేని మ్యాచ్‌లో జింబాబ్వే చేతిలో మూడు పరుగుల తేడాతో ఓడాం. తిరిగి వెళ్లి కెన్యాపై 140 కొట్టాడు. ఇంటికొచ్చినంత మాత్రాన అతని దేశభక్తి తరిగిందా? ఆటే మందు అనేవాళ్ల మాటలోనూ నిజముంది. మన విజయవాడలోనే, ఇద్దరు పిల్లలను రోడ్డు ప్రమాదాల్లో పోగొట్టుకున్న చెరుకూరి సత్యనారాయణ విలువిద్యలో శిక్షణ ఇవ్వడం మానలేదు. అయితే ఆ మందు ఎప్పుడు వేసుకోవాలో బాధపడేవాళ్లకే తెలుస్తుంది, గ్యాలరీలో కూర్చున్న మనకు కాదు.

సిరాజ్‌కు కనీసం వెళ్లే వీలుందని చెప్పినవాళ్లున్నారు. జిల్లా స్థాయి కుర్రాడికి ఆ మాట చెప్పేదెవరు? ట్రయల్స్ నాడు తండ్రి జనాజా ఉంటే మరో తేదీ ఇస్తామని క్రీడా సంఘాలు, స్పోర్ట్స్ హాస్టళ్లు ముందే కాగితం మీద రాసిపెట్టాలి. చెహలుం దాకానో, పెదకర్మ దాకానో ఇంట్లో ఉండి వచ్చిన పిల్లకైనా పిల్లాడికైనా జట్టులో చోటు పోకూడదు.