తొలి అవకాశం మనదే... తీసుకుంటున్నామా?

పిల్లల్లేని దంపతులు కల్వకుర్తిలోనూ ఉంటారు. ‘ఎక్కడైనా ఓ పాప దొరికితే బాగుండు’ అని ఆస్పత్రుల చుట్టూ ఆరా తీస్తారు. దళారులకు కావలసింది ఆ ఆరాటమే!

1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లో బయటపడిన సంగతి గుర్తుందా? నల్గొండ, మహబూబ్‌నగర్ తండాల్లోని పేద లంబాడా తల్లుల దగ్గర ఆడశిశువులను కొని, దత్తత పేరిట విదేశాలకు పంపే వ్యాపారమది. అక్కడి దంపతులు కట్టేది డాలర్లలో. కన్నతల్లి చేతిలో పడింది చిల్లరే. బిడ్డ ఎలా వచ్చిందో ఆ దంపతుల్లో చాలామందికి తెలియదు.

ఇప్పుడు చట్టం ఒక వరుస పెట్టింది. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకునేందుకు రెండు నెలల గడువుంది. ఆ తర్వాత బిడ్డ దత్తతకు సిద్ధమని ప్రకటిస్తే, 60 రోజులు భారతీయులకే అవకాశం. విదేశీయుల వంతు ఆ తర్వాతే. డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం నేరం.

కానీ మనలో ఎక్కువమందికి పసిపాపే కావాలి. ఏడేళ్ల పిల్ల హోంలోనే ఉండిపోతుంది, లేదా విమానమెక్కుతుంది. అలాంటి పిల్లలను ముందు పెంపకానికి తెచ్చుకోవచ్చు. 2024 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచాక దత్తత కోరవచ్చు.

వివరాలకు జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని అడగండి. కల్వకుర్తివారికైతే అది నాగర్‌కర్నూల్‌లో ఉంటుంది. దళారిని మాత్రం అడగకండి!