కొలిచేవాడికి జీతం ఎవరిస్తున్నారు?

గుజరాత్‌లో కాలుష్యం ఎక్కువగా వదిలే ఫ్యాక్టరీలు ఏటా ఆడిటర్ చేత తనిఖీ చేయించుకుని, ఆ నివేదికను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. ఒకప్పుడు ఆడిటర్‌ను ఎంచుకునేది ఫ్యాక్టరీయే, ఫీజు ఇచ్చేదీ ఫ్యాక్టరీయే. పొగగొట్టం నుంచి వెలువడే దుమ్ము ఘనమీటరుకు 150 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. విచిత్రంగా, నివేదికల్లోని అంకెలు ఆ 150 గీతకు కాస్త కిందే వచ్చి గుమిగూడేవి. ఎస్తర్ డఫ్లో సహా నలుగురు ఆర్థికవేత్తలు అహ్మదాబాద్, సూరత్ ఫ్యాక్టరీల మీద చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఆడిటర్ల లెక్కలో గీత దాటినవి 7 శాతం. విడిగా వెళ్లి కొలిస్తే తేలింది 59 శాతం. అధ్యయనంలో భాగంగా కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీ తీసి కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొలతల్ని మళ్లీ సరిచూస్తామని ముందే చెప్పారు. దాంతో దొంగ లెక్కలు బాగా తగ్గాయి, ఆ ఫ్యాక్టరీల కాలుష్యమూ తగ్గింది. పరికరాలు అవే, ఆడిటర్ల చదువులూ అవే. మారిందల్లా డబ్బిచ్చే చెయ్యి, పైన ఒక కన్ను.

పర్యావరణ నిర్వహణలో పీజీ కోర్సు రూపొందించాలనుకునే ఏ విశ్వవిద్యాలయమైనా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. పర్యావరణ శాస్త్రంలో ఎంఎస్సీలు, పర్యావరణ ఇంజినీరింగ్‌లో ఎంటెక్‌లు మనకు ఇప్పటికే ఉన్నాయి. ఎం.సి.మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల పుణ్యమా అని మామూలు డిగ్రీ విద్యార్థులు కూడా పర్యావరణ పాఠం చదువుతున్నారు. నీళ్లలో ఏ విషం ఉందో శాస్త్రం చెబుతుంది, దాన్ని ఎలా తీసేయాలో ఇంజినీరింగ్ చెబుతుంది. కొలత ఎవరు తీయాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, తప్పు జరిగితే సంజాయిషీ ఎవరు చెప్పాలి అన్నవి నిర్వహణ ప్రశ్నలు. పాత సిలబస్‌ల ముక్కలు అతికించి, పైన నాలుగు మేనేజ్‌మెంట్ పేపర్లు చేర్చినంత మాత్రాన వీటికి జవాబు రాదు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వెతుకుతూ ముప్పై ఏళ్లుగా దెబ్బలు తిన్న ఊరు సూరత్. అలాంటి కోర్సుకు అంతకన్నా మంచి చోటు లేదని నా వాదన. అది మనకు పరాయి ఊరూ కాదు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. మీఠీ ఖాడీ అనే కాలువ పొంగితే ముందు మునిగేదీ ఆ లింబాయతే.

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు కొత్త యంత్రాలేవీ కనిపెట్టలేదు. నగరాన్ని ఆరు జోన్లు చేసి, తన అధికారాల్ని జోన్ కమిషనర్లకు పంచారు. అధికారులంతా రోజూ వీధుల్లోకి వెళ్లి చూసి రావాలన్నారు. చెత్త కుప్ప ఎవరి జోన్‌లో ఉంటే జవాబు వాళ్లదే, దాన్ని తీయించే డబ్బూ అధికారమూ వాళ్ల చేతిలోనే. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది. పదేళ్లకు దీనికి తలకిందులైన పాఠం ఎదురైంది. 2006 ఆగస్టులో ఎగువన తాపీ నదిపై ఉన్న ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీళ్లు వదలడంతో నగరంలో అధిక భాగం మునిగింది. సాగుకూ కరెంటుకూ జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపాలంటే ఖాళీ ఉండాలి. గేట్లు ఒకరి చేతిలో, మునిగే ఇళ్లు మరొకరి పరిధిలో. మూడో పాఠం 2019లో మొదలైంది. దుమ్ము కాలుష్యానికి ప్రపంచంలోనే తొలి అనుమతుల మార్కెట్‌ను సూరత్‌లోనే పెట్టారు. పొగగొట్టానికి బిగించిన మీటర్ నిరంతరం అంకెలు పంపుతుంటుంది. మొత్తం దుమ్ముకు ఒక హద్దు ఉంటుంది. తక్కువ వదిలినవాడు మిగిలిన అనుమతుల్ని అమ్ముకోవచ్చు. 317 ఫ్యాక్టరీల మీద చేసిన పరిశోధనలో, మార్కెట్‌లో చేరినవాటి కాలుష్యం మిగతావాటికన్నా 20 నుంచి 30 శాతం తగ్గినట్టు తేలింది.

కాబట్టి కోర్సు రెండేళ్లూ కొలత, ఖర్చు, సంజాయిషీ అన్న క్రమంలోనే నడవాలి. మొదటి సెమిస్టర్‌లో చెయ్యి మురికి చేసుకోవాలి: పొగగొట్టం ఎక్కి నమూనా తీయడం, డైయింగ్ మిల్లు నీటిని పరీక్షించడం, మీటర్ అబద్ధం చెబుతుంటే పసిగట్టడం. రెండో దాంట్లో చట్టం, డబ్బు. సూరత్‌లోని బమ్రోలీలో మురుగునీటిని శుద్ధి చేసి పాండేసరా మిల్లులకు నగరపాలక సంస్థ అమ్ముతోంది. ఆ నీటి ధర ఎలా కట్టారో విద్యార్థి లెక్క వేయగలగాలి. మూడోది పూర్తిగా క్షేత్రంలో. నాలుగోది, తేలిన విషయాన్ని ఆ పేట జనం ముందు, వాళ్ల భాషలో చెప్పడం. లింబాయత్‌లో తెలుగులో వివరించలేని నివేదికకు మార్కులు వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కోర్సు తాను చెప్పే నీతిని తానే పాటించాలి. విద్యార్థిని ఏ మిల్లుకు పంపాలో లాటరీ తేల్చాలి. స్టైపెండ్ ఉమ్మడి నిధి నుంచి రావాలి. ఒక జట్టు తీసిన కొలతను మరో జట్టు వెళ్లి సరిచూడాలి.

ఇంజినీర్లుండగా మళ్లీ ఈ పట్టా ఎందుకంటారు కొందరు. 59ని 7గా రాసిన ఆడిటర్లకు కొలవడం రాక కాదు కదా! ఉద్యోగాలేవీ అన్నది ఇంకో ప్రశ్న. దేశంలోని కాలుష్య నియంత్రణ మండళ్లలో దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయి. అవి భర్తీ కాకపోతే కోర్సుకు అర్థం లేదన్న మాట నిజమే, అందుకే ప్రభుత్వం నియామకాలకు పూచీ పడ్డాకే సీట్లు పెంచాలి. బలమైన ఆక్షేపణ మూడోది: చదువు దొంగను ఆపుతుందా? 2022 జనవరి 6న సూరత్ దగ్గరి సచిన్ పారిశ్రామికవాడలో ఓ ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాల్ని దొంగచాటుగా కాలువలోకి వదిలితే, విషవాయువుకు ఆరుగురు కార్మికులు చనిపోయారు. నిజమే, పట్టా చూసి ట్యాంకర్ ఆగదు. కానీ ప్రమాదకర వ్యర్థం కదిలితే వెంట ఏడు రంగుల కాగితాలు కదలాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. పంపినవాడి తెల్ల కాగితం మండలికి చేరాలి, అందుకున్నవాడి ఆకుపచ్చ కాగితమూ చేరాలి. తెల్లది వచ్చి ఆకుపచ్చది రాకపోతే ట్యాంకర్ దారి తప్పినట్టే. అసలు కాగితమే లేకపోతే, ఫ్యాక్టరీ ఉత్పత్తికి ఎంత వ్యర్థం పుట్టాలో లెక్కగట్టి తేడా పట్టుకోవచ్చు. ఆ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూసే మనిషిని తయారుచేయడమే ఈ కోర్సు పని.

ఇది సూరత్ గొడవ అని మనం ఊరుకోలేం. పటాన్‌చెరు వ్యర్థాలు నక్కవాగును ఏం చేశాయో ఉమ్మడి మెదక్ రైతులకు తెలుసు. 2020 మే 7న విశాఖలో ప్రాణాలు తీసిన ఎల్‌జీ పాలిమర్స్, తనకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని అంతకు ఏడాది ముందే ప్రమాణపత్రంలో రాసి ఇచ్చింది. రహస్యమేమీ లేదు, కాగితం ఫైల్లోనే ఉంది. రేపు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇలాంటి పట్టా వస్తే, చేరబోయే విద్యార్థులారా, ల్యాబులు, ప్లేస్‌మెంట్ల సంగతి తర్వాత అడగండి. మమ్మల్ని కొలవడానికి పంపే చోట మా స్టైపెండ్ ఎవరిస్తారని ముందు అడగండి. కొలిపించుకునేవాడే ఇస్తాడని చెబితే, ఆ కోర్సులో చేరకండి.