కారు గలవారి చేతులకు మసి అంటరాదా?

కారు కొన్ననాడు కొబ్బరికాయ కొట్టేవారున్నారు, ఫాతిహా ఇప్పించేవారున్నారు. నాలుగు చక్రాల క్రింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారున్నారు, 786 అంకె గల నంబరు కొరకు అదనపు రుసుము చెల్లించేవారున్నారు. వీరెవ్వరినీ మేము తప్పుపట్టము. ప్రయాణం క్షేమంగా సాగవలెనని కోరుకోవడం మానవ సహజం. అయితే, కారుతోపాటు కంపెనీవారు ఇచ్చిన చిన్న పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచి విప్పి ఒక్కసారియైనా ఆసాంతం చదివిన యజమానులు మాత్రం మాకు చాలా అరుదుగా తారసపడినారు. టైరులో గాలి ఎంత ఉండవలెను, ఇంజనులో ఏ ఆయిల్ పోయవలెను, ఏ దీపం వెలిగితే బండి తక్షణం ఆపవలెను అనే సంగతులన్నీ అందులోనే ఉన్నవి. క్షేమం కోరి చేసిన ప్రార్థనకు జవాబులో సగభాగం డాష్‌బోర్డు అరలో మూతపడి ఉన్నదన్నమాట!

చదువుకున్నవారు తమ బండిని తామే చూచుకొనడం నామోషీ అనుకొంటున్నారు. తీరిక లేదనడం సాకు మాత్రమే. వారానికి పది నిమిషాలు లేని మనిషి ఎవరు? అసలు కారణం చేతికి మసి అంటుతుందన్న వెరపు. ఈ నామోషీ వలన కారుకు కలిగే నష్టం కొంత, మనుషులకు కలిగే నష్టం అధికం. మన కళాశాల వంటి చోట అది మరింత అధికమని మా అభిప్రాయం. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాము.

మోటారు కారు పుట్టినప్పుడు ఈ నామోషీ లేదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్‌కు ముందుగా చెప్పకుండా, ఆయన నిర్మించిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కుమారులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు, సుమారు 100 కిలోమీటర్లు, ప్రయాణం చేసింది. మోటారు బండి మీద జరిగిన మొట్టమొదటి దూర ప్రయాణం అదేనని చెబుతారు. దారిలో ఇంధనపు గొట్టం పూడుకొనిపోతే టోపీకి పెట్టుకొన్న పిన్నుతో శుభ్రం చేసింది. తీగ ఒరిసిపోతే మేజోడు పట్టీని దానికి చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవానిని ఆశ్రయించి వాటికి తోలు కొట్టించింది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొన్నది. ఆ నాడు షెడ్డు లేదు, మిస్త్రీ లేడు. బండి నడిపేవారే బండిని బాగుచేసుకొనేవారు.

మన దేశంలో కూడా అంబాసిడర్, ఫియట్ కార్ల కాలంలో కొంతవరకు ఇదే పరిస్థితి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పెట్రోలు పంపులోనే ఆవిరిగా మారి బండి నిలిచిపోతే, తడిగుడ్డ పంపు మీద వేసి పది నిమిషాలు చెట్టునీడన కూర్చొనడం ప్రతి యజమానికీ తెలిసిన విద్య. ప్లగ్గులు విప్పి ఉప్పు కాగితంతో రుద్దడం, పాయింటు సందు సరిచేయడం గుమాస్తాలకూ వకీళ్ళకూ చేతనైన పనులే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ఈ తిప్పలు చాలావరకు తగ్గినవి. కార్బ్యురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నిబంధనలు అమలులోనికి వచ్చేసరికి ఇంజను గదిలో తీగలూ సెన్సార్లూ కమ్ముకొన్నవి. "ఇప్పుడంతా కంప్యూటర్ల మయం, మనకేం తెలుస్తుందండీ" అనే మాట పెద్దమనుషుల నోట తరచు వింటున్నాము.

ఈ మాటలో సగమే నిజం. కంప్యూటరు చెడితే బండి సాధారణంగా కదలదు, లేదా కుంటుతుంది. ప్రాణాల మీదికి తెచ్చేవి తరచుగా పాత సంగతులే. గాలి, నీరు, ఆయిల్, బ్రేకు, రబ్బరు. వీటికి కంప్యూటరు పరిజ్ఞానంతో పనిలేదు, కన్నూ చేయీ ఉంటే చాలును.

టైరు సంగతే తీసుకొందాము. ఎండాకాలంలో టైరు పగులుతుందని భయపడి గాలి తగ్గించి కొట్టించే అలవాటు మనవారిలో విస్తారంగా ఉన్నది. ఇది తలక్రిందుల వైద్యం. గాలి తగ్గిన టైరు రోడ్డు మీద ఎక్కువగా నలుగుతుంది. నలిగిన కొద్దీ ప్రక్కగోడలు వేడెక్కుతవి. వేడెక్కిన టైరే పగులుతుంది. గాలి ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పరిమితి మాత్రమే, దానిని చూచి గాలి కొట్టించరాదు. కొలత కూడా బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. టైరు వయస్సు తెలిపే నాలుగు అంకెలు కూడ దాని మీదనే ఉంటవి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవైమూడవ వారంలో తయారైనదని అర్థం. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కారు టైరును చట్టరీత్యా వాడరాదు. ఆ హద్దు చూపడానికి గాళ్ళ నడుమ చిన్న గట్లు పోసి ఉంటవి. ఇంత సమాచారం కళ్ళెదుట అచ్చై ఉండగా, అక్షరాస్యులమైన మనము దానిని చదవకపోవడం విచిత్రం కాదా?

బ్రేకు ఆయిల్ అనేది మరొక అనాథ. అది గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం గల ద్రవం. ఏండ్లు గడిచినకొద్దీ అందులో నీరు చేరి, అది మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. చదునైన రోడ్డు మీద ఈ తేడా తెలియదు. శ్రీశైలం ఘాటులోనో తిరుమల దిగుడు దారిలోనో గేరు తగ్గించకుండా బ్రేకు మీదనే కాలు వేసి దిగినప్పుడు, ఆ వేడికి గొట్టాలలో బుడగలు పుట్టి, పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది. రెండేండ్లకొకసారి దానిని మార్పించమని చాలా కంపెనీల పుస్తకాలు చెబుతున్నవి. మార్పించే పని మిస్త్రీదే. డబ్బాలో మట్టం చూచి, మార్పించిన తేదీ గుర్తుంచుకొనే పని మాత్రం యజమానిది.

రేడియేటరు మూతను వేడి మీద తీయరాదన్న సంగతి అందరికీ తెలుసును, అయినా తీసి ముఖం కాల్చుకొనేవారు ఉండనే ఉన్నారు. అందులో కూలెంటు బదులు బోరునీరు పోయడం మరొక దురలవాటు. మన ఇండ్లలో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకొనే సున్నపు పొరను చూచినవారికి, ఇంజను లోపల ఏమి జరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందుగా నెగెటివ్ తీగ, బిగించేటప్పుడు దానినే చివరగా. లేనిచో పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తవి. ఎలుకలు తీగలు కొరికే పీడకు ఒకరు పొగాకు అంటారు, ఒకరు కలరా ఉండలు అంటారు. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకపోవడమే వీటన్నిటికంటె మేలని మాకు తోస్తున్నది.

చేయరాని పనులు కూడ ఉన్నవి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదు. ఎయిర్‌బ్యాగు తీగలను, గ్యాసు కిట్టును, విద్యుత్ కార్లలోని నారింజరంగు తీగలను ముట్టరాదు. స్వయంగా చేయడం అంటే సర్వమూ చేయడం కాదు.

"తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఈ మోటారు గొడవ ఏల?" అని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఇందులో భాష కూడ ఉన్నది కనుకనే! షెడ్డులో వినిపించే తెలుగును గమనించండి. ఇంజను దగ్గుతుంది, మిస్ కొడుతుంది, బండి లాగదు, బ్రేకు పట్టదు. మరమ్మతు, పానా, ఉస్తాద్ ఉర్దూ నుండి వచ్చినవి. స్టెప్నీ అనే మాట మరింత దూరం నుండి వచ్చింది. కార్లకు అదనపు చక్రం ఇవ్వని ఆ రోజులలో, 1904లో, వేల్స్ దేశపు లానెల్లి పట్టణంలో అదనపు చక్రం తయారుచేసిన కంపెనీ ఉన్న వీధి పేరు అది. ఆ ఊరినెన్నడూ చూడని మన పంచరు షెడ్ల వారు ఆ వీధి పేరును నేటికీ నిలబెట్టుతున్నారు.

ఈ భాష యజమానికి రాకపోవడం వలన వచ్చే చిక్కు చిన్నది కాదు. "ఏదో శబ్దం వస్తున్నది, చూడు" అని తాళం చెవి విసరి వెళ్ళిపోయే పెద్దమనిషి మిస్త్రీని చీకటిలో వదలిపెట్టుతున్నాడు. శబ్దం చల్లటి ఇంజనులో వస్తుందా, వేడెక్కిన తరువాతనా? బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటే ప్యాడ్లు అరిగినవేమో చూడవలెను. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే ముందు చక్రాల యాక్సిల్ జాయింటు మీద అనుమానం. ఈ రెండు మాటలు చెప్పగలిగితే పని సగం అయినట్లే. చెప్పనందున మిస్త్రీ ఊహ మీద ఒక పుర్జా, తరువాత మరొకటి మార్చుతాడు. బిల్లు పెరుగుతుంది. అప్పుడు యజమాని, "ఈ మెకానిక్కులంతా దొంగలు" అంటాడు. మోసగాళ్ళు ఏ వృత్తిలో లేరు? కాని ఈ నింద పుట్టుకలో మోసం కంటె అజ్ఞానం పాలు ఎక్కువ.

ఇక మా అసలు బాధ. మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో మిస్త్రీల బిడ్డలు, పంచరు షెడ్ల వారి తమ్ముళ్ళు, లోహపు పని, పెయింటింగు పని చేసేవారి కుమార్తెలు చాలమంది ఉన్నారు. ప్రవేశ దరఖాస్తులో "తండ్రి వృత్తి" అనే గడి ఉన్నది. అందులో మెకానిక్ అని వ్రాసినవారిని వ్రేళ్ళ మీద లెక్కించవచ్చును. మిగిలినవారు "వ్యాపారం" అని వ్రాస్తారు. ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రులు ఆఫీసు మెట్ల దాకా రాక, గేటు ప్రక్కన నిలబడి, బనియన్ గుడ్డతో చేతులు తుడుచుకొంటూ బిడ్డనే లోపలికి పంపడం మేము అనేక పర్యాయాలు చూచినాము. వారిని గేటు వద్ద ఆపింది కావలివాడు కాదు. తమ కారు బానెట్టు తెరవడం తమ స్థాయికి తగదనుకొనే మనబోటి వారి చూపు వారిని అక్కడ ఆపింది.

ప్రవక్త (స) తమ చెప్పులు తామే బాగుచేసుకొనేవారనీ, బట్టలు తామే కుట్టుకొనేవారనీ హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన సంగతి మన విద్యార్థులకు చిన్ననాటి నుండి తెలిసినదే. దియార్‌బకర్ దర్బారులో పనిచేసిన అల్ జజరీ 1206లో పూర్తిచేసిన అరబ్బీ గ్రంథంలో, నీటిని పైకి తోడే యంత్రాలలో క్రాంకును ఏ విధంగా అమర్చవలెనో పనివాడు తయారుచేసుకొనేటంత వివరంగా వ్రాసినాడు. ఆయన పండితుడూ, స్వయంగా పని తెలిసినవాడూ. సభలలో అల్ జజరీ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకొని, బయట షెడ్డులోని మిస్త్రీని "అరే" అని పిలిచే మన ధోరణి మాకు బొత్తిగా మింగుడుపడదు.

మా మాటను పొరబాటుగా గ్రహించవద్దు. పదేండ్ల పిల్లవానిని బడి మాన్పించి షెడ్డులో "ఛోటూ"గా పెట్టడాన్ని మేము సమర్థించడం లేదు. 2016 నాటి చట్ట సవరణ పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకొనడాన్ని నిషేధించింది. అది న్యాయం. బడికి వచ్చిన పిల్లవాడు తండ్రి పనిని చూచి సిగ్గుపడకుండా ఉండే ఏర్పాటు కావలెనన్నదే మా కోరిక.

కనుక కళాశాల కమిటీవారికి మా విన్నపం. నెలకొక శనివారం మధ్యాహ్నం రెండు గంటలపాటు వాహన సంరక్షణ తరగతి నిర్వహించవలెను. అది విద్యార్థినీ విద్యార్థులకు, కారు లేక మోటారు సైకిలు గల అధ్యాపకులకు కూడ. పాఠం చెప్పేవారు మేము కాదు. ఊరిలోని పెద్ద మిస్త్రీలలో, ముఖ్యంగా మన విద్యార్థుల తండ్రులలో, ఇష్టమున్నవారిని పిలిచి, అతిథి ఉపన్యాసకులకు ఇచ్చే గౌరవవేతనమే వారికీ ఇచ్చి, వారి పేర్లు నోటీసు బోర్డు మీద "జనాబ్" చేర్చి వ్రాయవలెను. వారు చెప్పినదానిని ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు రెండు భాషలలో వ్రాసుకొని చిన్న పుస్తకంగా తయారుచేయవచ్చును. "పట్టా లేనివారు కళాశాలలో పాఠం చెప్పడమా?" అని కమిటీలో ఎవరైనా ఆక్షేపిస్తే, వారి కారును ఎవరు బాగుచేస్తున్నారో అడిగి తెలుసుకొనవలసినదిగా కోరుతున్నాము.

ఖర్చు కూడ స్వల్పం. ఒక పానాల సెట్టు, ఒక జాకీ, బండి క్రింద నిలిపే రెండు ఇనుప స్టాండ్లు, గాలి కొలిచే గేజి ఒకటి, ఒక పాత ఇంజను. ఆటోనగర్‌లలో పాత ఇంజను ఇనుము ధరకే దొరుకుతుంది. స్థలం కొరకు వెదకనక్కరలేదు. సైకిల్ స్టాండు వెనుక రేకుల షెడ్డు ఉన్నది. దానిలో విరిగిన బెంచీలు చాలకాలంగా పడి ఉన్నవి. వాటిని తీయించి, ఒక బల్బు పెట్టించితే చాలును.