పేరు హైదరాబాద్‌ది.. మైదానం పొరుగువారిది
గచ్చిబౌలి హాకీ స్టేడియానికి కావలసింది పైపై మెరుగులు కాదు

హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో 2025 ఫిబ్రవరి 1న హైదరాబాద్ తూఫాన్స్ ఒక్క గోలు తేడాతో కప్పును చేజార్చుకుంది. బెంగాల్ టైగర్స్ జట్టు 4-3తో విజేతగా నిలిచింది. ఆ పోరు జరిగింది ఒడిశాలోని రూర్కెలాలో. ఫైనల్ ఒక్కటే కాదు, ఆ సీజన్‌లో తూఫాన్స్ ఆడిన ఏ మ్యాచ్‌కూ హైదరాబాద్ వేదిక కాలేదు. పోటీలన్నీ రూర్కెలా, రాంచీలకే పరిమితమయ్యాయి. 2026 జనవరి సీజన్‌కు చెన్నై, రాంచీ, భువనేశ్వర్‌లను ఎంచుకున్నారు. సొంత జట్టు ఆట చూడాలంటే భాగ్యనగర వాసికి టీవీయే దిక్కయింది.

ఒకప్పుడు పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. దేశంలో వృత్తిపర హాకీకి శ్రీకారం చుట్టింది రంగారెడ్డి జిల్లా గచ్చిబౌలిలోనే. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి అంకం అక్కడి స్టేడియంలోనే సాగింది. హైదరాబాద్ సుల్తాన్స్ తొలి విజేత అయింది. ఆటను నాలుగు క్వార్టర్లుగా విడగొట్టిన ప్రయోగానికీ ఆ లీగే వేదిక. దశాబ్దం గడిచాక అంతర్జాతీయ హాకీ సైతం నాలుగు క్వార్టర్ల బాటనే పట్టింది. అంతకు ముందు 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ హైదరాబాద్‌లోనే స్వర్ణాలు గెలిచాయి. 2008లో జూనియర్ ఆసియా కప్‌కూ నగరం ఆతిథ్యమిచ్చింది. ఇంతటి చరిత్ర ఉన్నా లీగ్ మ్యాచ్‌లు ఇతర రాష్ట్రాలకు తరలిపోవడానికి కారణాలు వెదకక తప్పదు.

స్టేడియం అనగానే మన పాలకుల దృష్టి గ్యాలరీల మీదికి, ముఖద్వారం మీదికి పోతుంది. హాకీలో అసలు సంగతి కాళ్ల కింద ఉంటుంది. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పున పరిచే కృత్రిమ పచ్చిక ఆయుష్షు మహా అయితే పదేళ్లు. ఎండకు నారలు పెళుసుబారతాయి, అతుకులు లేస్తాయి, కింది మెత్తటి పొర గట్టిపడుతుంది. అప్పుడు బంతి నేలబారుగా సాగక ఎగిరిపడుతుంది. మోకాళ్లు, చీలమండలు దెబ్బతినేది అటువంటి చోటనే. ఈ పచ్చికను ఆటకు ముందు, విరామంలో నీటితో తడపాలి. అందుకు భూగర్భ ట్యాంకులు, పంపులు, స్ప్రింక్లర్లు సక్రమంగా పనిచేయాలి. వేసవి వస్తే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఐటీ కారిడార్‌లో ఇది చిన్న సమస్య కాదు.

లీగ్ ప్రమాణాలు ఇంతటితో ఆగవు. మ్యాచ్‌లు ఎక్కువగా సాయంవేళల్లో జరుగుతాయి. సాధనకు సరిపడే వెలుగు వేరు, కెమెరాకు సరిపడే వెలుగు వేరు. వివాదాస్పద గోలును వీడియోలో తిరిగి పరిశీలించాలంటే మైదానంలో ఏ మూలా నీడ పడరాదు. ఒకేరోజు రెండు మ్యాచ్‌లుంటే నాలుగు జట్లకు డ్రెస్సింగ్ గదులు కావాలి. పక్కనే సాధనకు మరో టర్ఫ్ ఉండాలి. రెండు దశాబ్దాల కిందటి హంగులతో వీటిని అందుకోవడం సాధ్యం కాదు.

పాత స్టేడియాన్ని కొత్త ప్రమాణాలకు ఎత్తడం అసాధ్యమేమీ కాదని చెన్నై నిరూపించింది. ఎగ్మోర్‌లోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం 1996లో చాంపియన్స్ ట్రోఫీ చూసింది. 2007 ఆసియా కప్ తరువాత పదహారేళ్లు అంతర్జాతీయ పోటీలకు దూరమైంది. 2023 ఆసియా చాంపియన్స్ ట్రోఫీ కోసం తమిళనాడు ప్రభుత్వం దానిని పునరుద్ధరించింది. పారిస్ ఒలింపిక్స్‌కు ఎంపికైన రకం పచ్చికనే అక్కడ పరిచింది. ఫలితం దక్కింది. 2025లో జూనియర్ ప్రపంచకప్, ఆ వెంటనే లీగ్ మ్యాచ్‌లు వచ్చాయి. తమిళనాడు డ్రాగన్స్ సొంత ప్రేక్షకుల నడుమ ఆడింది. రూర్కెలాలో ఒడిశా ప్రభుత్వం ఇరవై వేల మంది పట్టే కొత్త స్టేడియాన్నే కట్టింది. మనకు అంత అవసరం లేదు. చెన్నై దారి చాలు.

మహిళల ప్రపంచకప్ అర్హత పోటీల వేదికల్లో ఒకటిగా హైదరాబాద్‌ను అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఎంపిక చేయడం సంతోషకరం. 2026 మార్చి 8 నుంచి 14 వరకు వాటికి తేదీలు ప్రకటించింది. అయితే వారం రోజుల టోర్నీకి తయారుకావడం ఒకటి, ఏటా లీగ్‌కు సిద్ధంగా ఉండడం మరొకటి. పెళ్లికి వేసిన పందిరిలో కాపురం చేయలేం కదా! గచ్చిబౌలి గతమంతా ఈ పందిళ్ల కథే. క్రీడల కోసం వెలసిన అక్కడి బహుళ అంతస్తుల వసతి భవనం 2020లో కరోనా ఆసుపత్రిగా మారింది. ఆపత్కాలంలో అది తప్పనిసరే కావచ్చు. కానీ ఏళ్ల తరబడి క్రీడాకారులతో కళకళలాడిన భవనమైతే ఆసుపత్రికి అంత సులువుగా దొరికేదా?

ప్రైవేటుకు అప్పగిస్తే సరిపోతుందనే వాదనా వినిపిస్తోంది. ఆ ముచ్చటా తీరింది. క్రీడా వసతుల పేరిట 2003లో ఐఎంజీ భారత సంస్థతో కుదిరిన భూముల ఒప్పందాన్ని 2006లో ప్రభుత్వం రద్దు చేసింది. ఆ వివాదం సుప్రీంకోర్టులో తేలేసరికి 2024 వచ్చింది. లీగ్ యాజమాన్యాల నుంచి అద్దె, ప్రకటనల్లో వాటా తీసుకోవడం సబబే. మైదానం మాత్రం ప్రజల చేతుల్లోనే ఉండాలి. ఉదయం, సాయంత్రం పాఠశాలల, క్లబ్బుల పిల్లలకు టర్ఫ్ మీద వేళలు కేటాయించాలి. మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేశ్ కుమార్ ఈ నగరంవాడే. భారత జట్టులో చోటు సంపాదించిన గోల్‌కీపర్ రజని చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చింది. మట్టి నేల మీద ఆట నేర్చిన పిల్లలు టర్ఫ్ మీద బంతి వేగం చూసి తడబడతారన్నది శిక్షకులందరూ ఎరిగినదే.

ప్రభుత్వం ముందుగా చేయవలసిన పని ఒకటుంది. టర్ఫ్ ఎప్పుడు పరిచారు, ఎప్పుడు మార్చాలి, పంపుల, దీపాల నిర్వహణకు ఏటా ఎంత కావాలి అన్న లెక్కలను క్రీడా ప్రాధికార సంస్థ ప్రజల ముందుంచాలి. ఆ మొత్తాన్ని బడ్జెట్‌లో విడి పద్దుగా చూపాలి. తదుపరి సీజన్ వేదికలు ఖరారయ్యేలోగా ఆ పత్రం లీగ్ నిర్వాహకుల చేతికి చేరితేనే తూఫాన్స్ సొంతగడ్డపై ఆడే మాట చర్చకైనా వస్తుంది.